ఉస్తాద్ గుసగుసగా చెప్పిన పాఠం

కూర్చో తల్లీ. ఆ స్టూలు కాదు, దానికో కాలు కుంటి. ఉస్తాద్ గురించి నాకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలీదు. ఆయన చెప్పిన ఖురాన్ వ్యాఖ్యానం మొత్తం నా నాలుక మీదే ఉంది. అంటే, తెలిసినవాళ్లంతా పోయారు కాబట్టి నేను మిగిలాను. నాలుక మీదున్నదీ మొత్తం కాదులే, అక్కడక్కడ. నవ్వకు, మీ అమ్మా ఇలాగే నవ్వేది. నువ్వు అడగబోయేదేంటో తెలుసు. ఖురాన్‌లో తండ్రి కొడుక్కి గొంతు తగ్గించి మాట్లాడమని, గాడిద అరుపంత వికారమైంది లేదని చెప్పే చోటు. ఉస్తాద్ వ్యాఖ్యానాలు కూర్చిన నీ పుస్తకం రేపు ప్రెస్సుకి పోవాలి, అంతా కుదిరింది, ఆ ఒక్కచోట ఉస్తాద్ ఏమన్నారో చెప్పేవాళ్లు లేరు, ఆ రోజు పాఠంలో ఉన్నవాళ్లలో బతికున్నది నేనొక్కణ్ణే. వస్తున్నా, అక్కడికే వస్తున్నా. నడుం పట్టేసింది, ఆ దిండు ఇటు పడెయ్.

ముందు మనిషిని తెలుసుకో. సూఫీ అంటే పాడుతూ ఊగుతాడని చూడ్డానికొచ్చేవాళ్లు జనం. ఆయన ఊగేది తన విరిగిన కుర్చీలో కూర్చునేటప్పుడే. శిష్యులమా, ఒక దర్జీ, తాళాలు బాగుచేసే ఒకాయన, రొట్టెల బట్టీ నుంచి నేను, ఇంకా కొందరు. అరబ్బీ చదవడం మా అందరికీ వచ్చు, అర్థమే తెలీదు. ఆయన మొదటిరోజే పుస్తకాలు మూయించి, రోజూ చేత్తో పట్టుకునేదేదో దాన్ని అరబ్బీలో ఏమంటారో అడగమన్నారు. దర్జీ సూది అడిగాడు, నేను పిండి అడిగాను. ఆ మాటలతోనే వ్యాకరణం కట్టి చిన్న పుస్తకం వేశారు. ఒక పెద్ద పండితుడు గడ్డం నిమురుకుంటూ వచ్చి, దేవుడి భాషని సూదీదారంతో నేర్పుతారా అని సాగదీశాడు. ఉస్తాద్ ఆయన చొక్కా వంక చూసి, బొత్తాం ఊడింది, మా దర్జీని అరబ్బీలో అడగండి, కుడతాడు అన్నారు. తర్వాత ఆ పండితుడి మదర్సాలో పాఠ్యపుస్తకం అదే. వ్యాఖ్యానమూ అంతే. వాక్యం చదివి, ఇది మీ ఇంట్లో, మీ పనిలో ఎక్కడ కనిపించిందో చెప్పండి అనేవారు. పాత పండితుల మాటలు ఆ తర్వాతే.

సరే, ఆ రోజు. తెల్లవారి నమాజు అయ్యాక పాఠం. నేను రాత్రంతా రొట్టెలు కాల్చి, బట్టీ నుంచి నేరుగా వచ్చి ముందువరసలో కూర్చున్నాను. ఆయన ఆ వాక్యం చదివారు. చదివి, ఉన్నట్టుండి గొంతు తగ్గించేశారు. గుసగుసలే. వెనకవాళ్లు మెడలు చాపారు. తాళాలాయన వినపడక విసుక్కున్నాడు. దర్జీ లేచి ఒకడి భుజం పట్టి కుదపబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపారు. "పడుకోనీ నాయనా, మంట దగ్గర నిలబడి వచ్చాడు." పాఠం చివరిదాకా అలాగే సాగింది. ఏం, అలా చూస్తావు? ముందువరసలో ఉన్నవాడికీ వినపడలేదా అనా? ఇన్నేళ్లూ అడిగిన ప్రతివాళ్లకీ అది చాలా లోతైన మాట అని చెప్పి దాటేస్తూ వచ్చాను. ఇదంతా నాకు తర్వాత దర్జీ చెప్పిందే. ఇక దాచే ఓపిక లేదు తల్లీ. రాసుకో. ఆ రోజు ఆ గదిలో ఎవరికీ ఒక్క ముక్కా వినపడలేదు, నా గురక తప్ప.