సామాన్ల గదిలో కాపురం

మేడమీద గది అద్దెకిస్తున్నావా అమ్మడూ? ఇవ్వు, మంచి పనే. ఎంత చెప్పాలి, ఎవరికివ్వాలి, ఇవన్నీ ఈ అత్తని అడిగితే ఏం చెప్తాను, ఆ తెలివంతా మీ మామయ్యది. తెలివి అంటే బేరాలాడే తెలివి అనుకునేవు, అది కాదు. అద్దె అడగాలంటే ఆయనకి నోరు పెగిలేది కాదు. చూస్తే అంత మనిషి, మిల్లులో పెద్ద పెద్ద మిషన్లు విప్పి బిగించే ఫిట్టరు, నెల మొదట్లో నన్ను ముందుకి తోసి తను తలుపు చాటున నిలబడేవారు.

మిల్లు మూసేశారు కదా, అదీ మొదలు. ఇల్లు కట్టిన అప్పు అలాగే ఉంది. ఓ పొద్దున్న నా ఎదురుగా కూచుని, "ఏమోయ్, ముందు గదీ నడిమి గదీ అద్దెకిచ్చేద్దాం" అన్నారు. మరి మనమో అన్నాను. "వంటింటి వెనక సామాన్ల గది లేదూ" అన్నారు. అదీ ఒక గదేనా తల్లీ, మంచం పట్టదు, కాళ్ళు చాపితే డబ్బాలు తగిలేవి. నేలమీదే పరుపు. ముందు గదిలోకి ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ దిగింది, నడిమి గదిలోకి కొత్తగా పెళ్ళైన జంట. మా బావగారొచ్చి చూశారు. ఆయనది బొంగురు గొంతు కదా, ఇల్లంతా వినబడేటట్టు, "ఏంట్రా, సొంతింట్లో అద్దెకున్నవాడిలా ఈ మూల నక్కావు" అన్నారు. ఈయన తల దించుకున్నారు. అన్నగారు వెళ్ళాక అన్నం ముట్టలేదు. నేనే వెళ్ళి పక్కన కూచుని, ఇంతకీ ఈ గదికి మనం ఎంత కట్టాలండీ అన్నాను. ముందు కోపంగా చూశారు, తరవాత నవ్వారు. మిల్లు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

డబ్బంటావా, నడిమి గది అద్దె అప్పుకి పోయేది. ముందు గదిదాంట్లో కొంత తిండికి, కొంత ఇంటికి అని విడిగా పెట్టేవారు. ఇంటికంటే మనకి కాదు, గోడలకీ కుళాయిలకీ. "సంపాదించేది అదే, ముందు దాని బాగోగులు చూడాలి" అనేవారు. నా చెప్పులు తెగితే కుట్టించుకున్నాను గాని నర్సమ్మ గోడకి చెమ్మ మాత్రం ఉండనివ్వలేదు. నాకు ఒళ్ళు మండేది, మండదూ?

అంత ఇరుకులో పొద్దెలా పోయేదనా? మాట్లాడుకునేవాళ్ళం. మిల్లు రోజుల్లో అలిసొచ్చి పడుకునేవారు, నేనేదో చెప్తుంటే ఊఁ ఊఁ అనేవారు, అంతే. ఆ గదిలోకొచ్చాకే ఆయన చిన్నప్పటి సంగతులు విన్నాను. ఈత నేర్చుకుంటూ మునగబోయింది, తల్లి పోయినప్పుడు ఏడుపు రాక భయపడింది, పెళ్ళైన అన్నేళ్ళకి అవన్నీ. పక్కవాళ్ళకి వినబడకుండా గుసగుసగా చెప్పేవారు. అలా చెప్తే మామూలు మాట కూడా నా ఒక్కదానికే చెప్తున్నట్టుండేది.

మెల్లిగా అప్పు తీరింది. ఆయనకి మోటార్లు బాగుచేసే షాపులో పని దొరికింది, ఆ జంట వేరే ఇల్లు చూసుకున్నారు. ఇంక మనకి మంచిరోజులొచ్చాయని నడిమి గదికి సున్నం వేయించి, రెండు మంచాలు కొనుక్కొచ్చారు, ఈ గోడకి ఒకటి ఆ గోడకి ఒకటి. ఎంత సంబరపడ్డారో. పట్టుమని వారం కాలేదు, "నువ్విక్కడ మాట్లాడితే గోడలకి వినబడుతోంది గాని నాకు వినబడటం లేదోయ్" అని పరుపు చుట్టి భుజాన వేసుకుని సామాన్ల గదిలోకి బయల్దేరారు. దిండ్లు పట్టుకుని వెనకాలే నేను. నడిమి గది మళ్ళీ అద్దెకిచ్చేశాం. డబ్బాశ అనుకునే ఉంటారు జనం. అనుకోనీ. ఆయన పోయేదాకా మా కాపురం అక్కడే.

ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు, అద్దె బ్యాంకులోనే పడుతుంది. ఫోను టింగుమంటుంది. అది వినగానే "వచ్చిందండీ" అని పక్కకి తిరుగుతాను. ఇన్నేళ్ళైనా చూడు, నోటిదాకా వచ్చేస్తుంది...

ఎండ తగ్గిపోయింది, దండెం మీద బట్టలు తీసుకొస్తావా అమ్మడూ.