దున్నకుండా ఆగిన సగం పొలం

పొరుగువాళ్ళారా, స్నేహితులారా,

ఈ వానలో, కోతల ముందు ఇంత పని ఒత్తిడిలో, హెస్టర్ లెగ్గాట్‌ను సాగనంపడానికి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. మన వెల్లింథోర్ప్ ఊరి హాల్లో కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. ఇది హెస్టర్ చూసి ఉంటే ఏమనేదో మాత్రం తెలుసు. "ఏమిటీ జనం? టీ ఉచితమా?" అని ఉండేది.

నేను నాథన్ బ్లేడ్స్‌ని. మీకు తెలుసు. ఆమె పొలానికీ నా పొలానికీ మధ్య ఒకే ఒక కంచె. ఆ కంచెకు ఇటు నేను, అటు ఆమె నలభై ఏళ్ళు సేద్యం చేశాం. అందులో మూడేళ్ళు మాట్లాడుకోలేదు. ఒక మురుగు కాలువ ఎవరు తవ్వించాలన్న దగ్గర గొడవ వచ్చింది. ఆ మూడేళ్ళూ ఆమె నా గొర్రెలతో మాట్లాడేది, నాకు వినబడేలా. "మీ యజమాని ఒట్టి మొండివాడమ్మా, పాపం మీరేం చేస్తారు" అనేది. చివరికి కాలువ నేనే తవ్వించాను.

రెండు మంచి మాటలు చెప్పి కూర్చోమన్నారు పాస్టరు గారు. చెబుతాను. అయితే ఈ హాల్లో కొందరికి అవి మంచి మాటల్లా వినబడకపోవచ్చు. నన్ను ఎంచుకునే ముందు ఆ సంగతి ఆలోచించి ఉండాల్సింది.

హెస్టర్ సొంతంగా ఒక ఎకరం కూడా లేని రైతు. ఆమె తండ్రి ఎస్టేటు కౌలుదారు, ఆమె మొగుడు వాల్టర్ ఎస్టేటు కౌలుదారు, అతను పోయాక ఆమె. గాలి సముద్రం మీంచి నేరుగా వచ్చి మొహాన కొట్టే గుట్ట మీద బార్లీ, చక్కెర దుంప, ఎర్ర పశువులు. ఒక్కతే. ఆ రోడ్డు పక్క పద్నాలుగెకరాల చెక్క మీకు గుర్తుందిగా? ఈ ఊరి పొలాలన్నిటిలోకీ మంచి పొలం అది. సర్కారు కొత్త పథకం తెచ్చినప్పుడు, పక్షుల కోసం పొలం వదిలిపెట్టండి, పంట నష్టం మేం భరిస్తాం అన్నప్పుడు, మనమందరం ఏం చేశాం? రాళ్ళ మూలలు ఇచ్చాం. నీడ పడే అంచులు ఇచ్చాం. ట్రాక్టరు తిరగని ముక్కలు ఇచ్చాం. నేనూ అదే చేశాను, ఇందులో దాచడానికేముంది. హెస్టర్ ఒక్కతే ఆ పద్నాలుగెకరాలూ ఇచ్చింది.

ఎందుకు? తీతువులు అక్కడే దిగుతాయి కాబట్టి. తలమీద కొప్పు ఉండే మన తీతువులే. వాటికి రాళ్ళ మూలలు అక్కర్లేదు, నీడ అక్కర్లేదు. చుట్టూ దూరం దాకా కనబడే బోడి నేల కావాలి. చెట్టు దగ్గర్లో ఉంటే చాలు, దాని మీద కాకి కూర్చుని గుడ్ల కోసం చూస్తుందని వాటికి తెలుసు. మన చిన్నప్పుడు మార్చి నెలలో ఆ గుట్ట మీద ఆకాశం నిండా అవే ఉండేవి. పల్టీలు కొడుతూ, అరుస్తూ. తర్వాత తర్వాత ఎన్ని మిగిలాయో మీకు తెలుసు. చేతివేళ్ళు చాలు లెక్కకి.

పథకంలోని నియమాలు ఆమె నా వంటగదిలో కూర్చుని పైకి చదివింది. వసంతం మొదట్లో ఒకసారి తేలిగ్గా దున్నాలి. మార్చి ఇరవైలోపు ఆ పని అయిపోవాలి. ఆ తర్వాత జూలై ఆఖరు దాకా అందులో చక్రం దిగకూడదు, మందు కొట్టకూడదు, విత్తనం వేయకూడదు. ఆ పొలం అడవికి దగ్గర్లో ఉండకూడదు. చదివి నవ్వింది. "నాథన్, నలభై ఏళ్ళలో సర్కారు నాకు చెప్పిన మొదటి తెలివైన మాట ఇదే. ఏమీ చేయకు అంటున్నారు" అంది.

నియమాలు చెడ్డవని నేను అనను. ఆ నియమం రాసినవాళ్ళెవరో ఒక పక్షి గూడు పక్కన బోర్లా పడుకుని చూసి రాశారు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆ నియమం వల్లే తీతువులు తిరిగొచ్చాయి. మొదటి ఏడు కొన్ని జంటలు. తర్వాత ఏడు ఇంకొన్ని. దుర్భిణీలు మెడలో వేసుకుని పట్నం నుంచి జనం వచ్చేవాళ్ళు. హెస్టర్ పార పట్టుకుని ఎదురెళ్ళేది. "కారు తలుపు అలా దభీమని వేస్తే తల్లులు లేచిపోతాయి. పక్షుల మీద అంత ప్రేముంటే ఇంట్లో కూర్చోండి" అని తరిమేది. ఒక పత్రికవాడు ఆమెను పక్షి ప్రేమికురాలు అని రాశాడు. దానికి ఆమె ఎంత మండిపడిందో! "నాకు ప్రేమా లేదు, గీమా లేదు. అవి ఇక్కడివి. నేనూ ఇక్కడిదాన్నే. అంతే" అంది.

మరి మనం ఏమన్నాం? "కలుపు రాణి" అన్నాం. మార్కెట్లో ఆమె వెనకాల గొంతు మార్చి తీతువులా కూశారు. ఈ హాల్లో ఉన్నవాళ్ళే. నేను పేర్లు చెప్పను. మీ పక్కనున్నవాళ్ళకు తెలుసు.

ఆ తర్వాత ఆ తడి ఏడు వచ్చింది. ఫిబ్రవరి అంతా వాన. ట్రాక్టరు దించితే బురదలో కూరుకుపోయే నేల. మార్చి మధ్యలో ఒక్కసారిగా ఎండ కాసింది, మే నెలలా. గడువు రెండు రోజులుందనగా హెస్టర్ ట్రాక్టరు దించింది. నేను కంచెకు ఇటు పక్క పని చేసుకుంటున్నాను. మధ్యాహ్నం వేళ ఇంజను చప్పుడు ఆగిపోయింది. ట్రాక్టరు పాడైందేమో అనుకున్నాను. చూస్తే ఆమె పొలం నడుమ నిలబడి ఉంది, చెయ్యి ఊపుతూ. వెళ్ళాను. ముందు చక్రానికి జానెడు దూరంలో నేల మీద చిన్న గుంట. అందులో నాలుగు గుడ్లు, మట్టి రంగులో.

ఎండకు మోసపోయి అవి ముందే పెట్టేశాయి. మేమిద్దరం దున్నని సగమంతా నడిచాం, అడుగులో అడుగు వేసుకుంటూ. ఇంకో గూడు కనబడింది. ఇంకోటి. హెస్టర్ వెనక్కి వచ్చి ట్రాక్టరెక్కింది. తాను దున్నిన చాళ్ళ మీదుగానే ట్రాక్టరును వెనక్కి, అంగుళం అంగుళంగా నడిపించుకుని రోడ్డెక్కింది.

ఆమె దొంగతనంగా ఏమీ చేయలేదు, మిత్రులారా. ఆ సాయంత్రమే పథకం ఆఫీసుకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. "సగం దున్నాను. మిగతా సగంలో గుడ్లున్నాయి. ఏం చేయమంటారు?" అని అడిగింది. అవతల మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "గడువు ఇరవయ్యో తారీఖు అండీ" అన్నాడు. "ఆ సంగతి పక్షికి ఎవరు చెప్పారు?" అంది హెస్టర్. అతను మళ్ళీ అదే మర్యాదతో, "గడువు ఇరవయ్యో తారీఖు అండీ" అన్నాడు.

మే నెలలో తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. చెడ్డ పిల్ల కాదు. పొలం చుట్టూ కొలిచింది. సగం బోడిగా ఉంది, సగం పచ్చగా ఉంది. ఆ పచ్చ సగంలోంచి పిల్లలు బయటికి పరుగెత్తాయి. వేలెడంత పిల్లలు, పుల్లల్లాంటి కాళ్ళతో. ఆ అమ్మాయి నేల మీద చతికిలబడి కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది. లేచాక ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "కళ్ళారా చూశానండీ. కానీ నన్ను అడిగేది ఒకటే, గడువులోపు మొత్తం దున్నారా లేదా అని" అంది. దానికి హెస్టర్, "నిజమే రాయమ్మా. నీ ఉద్యోగం పోగొట్టుకోకు" అంది. ఆ తర్వాత ఇంట్లోకి పిలిచి ఆ అమ్మాయికి కేకు పెట్టింది.

ఆ ఏడు సర్కారు ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదు. అంతకుముందు ఇచ్చింది కూడా వెనక్కి లాక్కున్నారు. తీతువుల కోసం పెట్టిన నియమాన్ని మీరిందని శిక్ష. ఏమిటి మీరడం? తీతువు గుడ్ల మీదుగా నాగలి నడపకపోవడం! ఇది ఎవరికైనా వివరించి చెప్పండి చూద్దాం. నాకు ఇవాల్టికీ చేతకాలేదు. పై అధికారులకు మొర పెట్టుకుంది. గుడ్లను తొక్కకుండా ఉండటం అనే మినహాయింపు నియమాల్లో లేదని జవాబొచ్చింది.

ఆ చలికాలం హెస్టర్ ఎర్ర పశువులను అమ్మేసింది. తండ్రి కాలం నుంచి తెగకుండా వస్తున్న మంద అది. లారీ వెళ్ళిపోయాక ఖాళీ కొట్టం కడిగింది. నేను వెళ్ళేసరికి ఇంకా కడుగుతూనే ఉంది, శుభ్రంగా ఉన్న నేలను. మన ఊరి పబ్బులో ఆ వారం ఒకాయన అన్న మాట కూడా నా చెవిన పడింది. "ఏమీ చేయకుండా తింది, ఏమీ చేయనందుకే కక్కింది" అన్నాడు. అందరూ నవ్వారు. చక్కటి మాటే. ఆయన ఇవాళ నల్ల టై కట్టుకుని వచ్చాడు.

ఇంత జరిగాక ఆమె ఏం చేసింది? బార్లీ వేసిందా? వేయొచ్చు, ఎవరి అడ్డూ లేదు. మరుసటి వసంతం, నేల ఆరగానే, ట్రాక్టరు దించి ఆ పద్నాలుగెకరాలూ తేలిగ్గా దున్ని వదిలేసింది. ఆ మరుసటి ఏడూ అంతే. ఎవరూ పైసా ఇవ్వకుండా, ఎవరూ చూడకుండా, అదే నియమం తు.చ. తప్పకుండా. "నియమం మంచిదే నాథన్. మనుషులే దానికి తగినవాళ్ళు దొరకలేదు" అంది.

ఇక ఎస్టేటు సంగతి. మిస్టర్ క్రెస్‌వెల్ గారు, తమరు వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. ముందుకు రమ్మని నేను అనను, బయటికి పొమ్మనీ అనను. వినండి, చాలు.

ఎస్టేటు ఏజెంటుగా తమరు హెస్టర్ వంటగదికి వెళ్ళిన రోజు ఆమె తమకు టీ ఇచ్చింది. కౌలు గడువు తీరింది, పొడిగించడం లేదన్నారు. పొలాలన్నీ ఎస్టేటే తీసుకుని ప్రకృతికి అంకితం చేస్తోందన్నారు. పథకం మారింది కదా, ఇప్పుడు చెట్లు నాటితే సర్కారు నుంచి కౌలు కన్నా బాగా వస్తుంది కదా. "మీరు చేసిన పనే అండీ, ఇంకా పెద్ద ఎత్తున చేస్తున్నాం" అన్నారట. "అలాగైతే నన్నెందుకు వెళ్ళగొడుతున్నారు?" అని ఆమె అడిగిందట. పోనీ ఆ రోడ్డు పక్క పొలంలో మాత్రం చెట్లు నాటకండి, అక్కడ తీతువులు దిగుతాయి అని బతిమాలింది. హెస్టర్ బతిమాలింది! ఈ ఊళ్ళో ఎవరైనా ఆమె బతిమాలగా విన్నారా? "చెట్లంటే జనానికి ఇష్టం అండీ" అన్నారు తమరు.

సెప్టెంబరు ఆఖరున ఇల్లు ఖాళీ చేసింది. టౌన్లో ఒక చిన్న ఇల్లు ఇచ్చారు. కిటికీ తీస్తే కార్లు నిలిపే జాగా. చలికాలంలో చెట్లు నాటారు. ఒక్కో మొక్కకు ఒక్కో ప్లాస్టిక్ గొట్టం, పక్కన ఒక్కో కర్ర. గుట్ట ఎక్కుతుంటే సైనికుల శ్మశానంలా కనబడుతుంది.

మార్చిలో ఒక ఆదివారం నన్ను ఫోన్ చేసి పిలిచింది. "అటు తీసుకెళ్ళు" అంది. వద్దన్నాను. "నడిచి వెళ్తాను అయితే" అంది. తీసుకెళ్ళాను. రోడ్డు పక్క కారు ఆపాను. అవి వచ్చాయి. ఎప్పటిలాగే వచ్చాయి. ఆ గొట్టాల మీద చుట్లు తిరిగాయి, అరిచాయి, కిందికి వాలబోయి మళ్ళీ లేచాయి. కర్రల మీద కాకులు కూర్చుని చూస్తున్నాయి. హెస్టర్ కారు దిగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాటి అరుపు కారు అద్దాలు మూసి ఉన్నా వినబడింది. సాయంత్రానికి అవి సముద్రం వైపు వెళ్ళిపోయాయి. ఎక్కడికో నాకు తెలియదు. "పద" అంది.

ఈ జూన్లో గుండె మొరాయించి ఆస్పత్రిలో చేరింది. రోజూ వెళ్ళాను. వానల గురించి అడిగింది. నా బార్లీ రంగు తిరిగిందా అని అడిగింది. మా ఆవిడ మోకాలి గురించి అడిగింది. తీతువుల సంగతి మాత్రం అడగలేదు. ఎక్కడ అడుగుతుందో అని నేను ప్రతిరోజూ భయపడుతూ కూర్చున్నాను. చివరి దాకా అడగలేదు. నన్ను ఆ జవాబు చెప్పే బాధ నుంచి తప్పించింది. ఆమె మంచితనం గురించి మీకు ఒక్క మాట కావాలంటే, ఇదే.

ఇప్పుడు ఎస్టేటువారు పూలదండ పంపారు. బాగుంది. ఆ తోటకు "హెస్టర్ వనం" అని పేరు పెడతామని, బోర్డు పెడతామని కూడా కబురు పంపారు. మిస్టర్ క్రెస్‌వెల్ గారూ, అందరి ముందూ చెబుతున్నాను. ఆ చెట్లకు ఆమె పేరు పెట్టొద్దు. ఓక్ వనం అనండి, ఎస్టేటు వనం అనండి, మీ ఇష్టం. ఆమె పేరుతో అక్కడ బోర్డు లేస్తే తెల్లారేసరికి అది ఉండదు. తీసేది ఎవరో విచారణ కూడా అక్కర్లేదు, నేనే. డెబ్బై మూడేళ్ళవాణ్ణి జైల్లో పెడితే పెట్టండి.

అయిపోయింది. ఇక అందరూ లేవండి. లేవలేనివాళ్ళు కూర్చునే ఉండండి, పరవాలేదు. ప్రార్థన పాస్టరు గారు చర్చిలో చేశారు, ఇక్కడ మళ్ళీ వద్దు. ఆమె మంచిది అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవడమూ వద్దు. ఆ మాట ఆమె వినగలిగిన రోజుల్లో మన నోళ్ళకు వేరే పని ఉండింది.

ఒక్క నిమిషం, ఆ నోళ్ళను మూసి నిలబడదాం.