కారం మానేసిన మిరప రైతులు

అధ్యక్షులు రామచంద్రమూర్తి గారికి, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన డాక్టరమ్మ కామేశ్వరి గారికి, పెద్దలకు, మిరపకోతలు ఆపుకొని వచ్చిన మా ఊరివాళ్లకు నమస్కారాలు. ఆడవాళ్ల జబ్బు గురించి మగాడివి నువ్వేం చెబుతావని మా ఆవిడ బసవమ్మ అడ్డుపడింది గానీ, మా కోడలు హారికే నన్ను పంపింది. "మీరు సిగ్గుపడి మింగేస్తే నేనే లేచి చెబుతా మామయ్యా" అంది. ఎనిమిదో నెల మనిషిని లేపడం ఎందుకని వచ్చాను. (నవ్వులు)

పెళ్లయిన దగ్గర్నుంచీ హారికకు నెలనెలా మెలికలు తిరిగే నొప్పి, మూడేళ్లయినా కడుపు పండలేదు. ఒంట్లో వేడి అని తేల్చింది బసవమ్మ. అంతే, ఇంట్లో కారం బంద్. కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు ఆరబోసుకొని, ఏడాది పాటు మేమంతా పెరుగన్నం తిన్నాం. నేను పక్కింట్లో పచ్చడి తిన్న సంగతి బసవమ్మకు ఇప్పుడే తెలుస్తోంది. అటు చూడకండి, నాకు భయం. (నవ్వులు)

చివరికి ఈ డాక్టరమ్మ స్కాన్ చూసి, అండాశయంలో చాక్లెట్ సిస్టు అన్నారు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగి, నెలనెలా వచ్చే రక్తం అక్కడే నిలిచి, చాక్లెట్ రంగుకు తిరిగి సంచి కట్టిందట. దాంతో అండాలు తగ్గొచ్చు, గొట్టాలు అతుక్కోవచ్చు, గర్భం ఆలస్యం కావచ్చు, అందరికీ అలా కాదన్నారు. తీసిపారేయండమ్మా అన్నాను.

"కోస్తే మంచి అండాలు కూడా కొన్ని పోవచ్చు వెంకటనారాయణ గారూ. చిన్నదే, పిల్లకు వయసుంది, కొన్నాళ్లు చూద్దాం" అన్నారు. కారం సంగతి విని మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "ముందు ఆ పిల్లకు పచ్చడి పెట్టండి. నొప్పికి మందు నేనిస్తా."

మిరప నారు పోసే రోజుల్లో హారికకు నెల తప్పింది. మా అబ్బాయి చైతన్యకృష్ణ పొలం నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. గర్భంలో ఈ సిస్టు చాలామందికి తగ్గుతుందని, ఎక్కడో ఒకరికి పగలొచ్చని, నెలలు నిండకుండా కాన్పు రావచ్చని, అందుకే కనిపెట్టి ఉండాలని డాక్టరమ్మ చెప్పారు. మొన్నటి స్కాన్‌లో చిన్నదైంది. ఆ రోజు బసవమ్మ ఆసుపత్రి వరండాలోనే అందరికీ మిఠాయి పంచి, కాపలా మనిషి చేత చీవాట్లు తింది.

కానీ డాక్టరమ్మా, కాన్పుకు ముందే మీరు వెళ్లిపోతున్నారు. కొత్త డాక్టరు మహతి గారు చూసుకుంటారన్నారు. నమ్మకముంది. అయినా నాకు నిద్ర పట్టడం లేదు.

శాలువాలు అందరూ కప్పారు. బసవమ్మ తన చేత్తో పెట్టిన పండుమిరప పచ్చడి, ఇదిగో జాడీ. ఇవాళ ఇవ్వను. హారిక కాన్పు రోజున వచ్చి తీసుకోండి.

విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. జాడీతో సహా సెలవు.