వైకుంఠం రెండో చాయ్

దబీర్‌పురా స్టేషన్ ముందర కొండల్ చాయ్ బండి దగ్గర వైకుంఠం నోరు తెరిచాడంటే లోకల్ బండి కూత కూడా చిన్నబోతుంది. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఏడున్నరకు వస్తాడు. వచ్చీ రాగానే రెండు చాయ్‌లు చెప్తాడు. ఒకటి తాను తాగుతాడు, రెండోది పక్క స్టూల్ మీద పెట్టిస్తాడు.

"కొండల్ భాయ్, రెండో చాయ్ మీద సాసర్ మూయి. నా రిపోర్ట్ చదివినోళ్లు ఎవరన్న ఇయ్యాల పక్కా వస్తరు. ఏం రిపోర్ట్ అంటవా సోమయ్య బాపూ? గిన్నేండ్లు రైల్వే బుకింగ్‌ల కూసున్నవు, గింత తెల్వదా? దునియాల కంప్యూటర్ దొంగలుంటరు గద. రాత్రి ఏ దొంగ ఏ కంపెనీ తాళం మీద చెయ్యేసిండు, ఏ కొత్త దొంగచావి తయారు చేసిండు, అంతా మిషినే ఏరుకొచ్చి ఒక కాయితం రాస్తది. కంప్యూటర్లకు కావలి కాసెటోళ్లందరికి పొద్దున ఆరుకు పోతది. కని నేను చూసి కింద నా పేరు పెడితెనే పోతది. ఒక్క అక్షరం నా కండ్లు తప్పించుకోదు. మొన్న మిషిన్ పాత దొంగతనాన్ని కొత్తదని రాసింది. పట్టిన. గంతే, చిన్న ముచ్చట."

"మంచి పని చేసినవ్ తమ్మీ" అంది పాల క్యాన్ దించుతూ పుష్పమ్మ.

వైకుంఠానికి ఆ ఒక్క మాట చాలు.

"గంతేనా అక్కా? ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆ దొంగ ఏడ్నో మంచు దేశంల ఉంటడు. వాడు కీబోర్డ్ కొట్టే చప్పుడు నేను ఈడికెల్లి విన్న. ఎడమచెయ్యి చిటికెనవేలు జర వంకర వానికి. తమ్మీ, ఏలుకు పసుపు పట్టించుకో, దొంగతనం మానుకో అని రాసిన. ఏడ్సిండు వాడు! మా అమ్మ కూడ నన్ను గిట్ల అడగలే అన్నా, అని ఏడ్సిండు. గప్పటి సంది వాని ముఠా మొత్తం, మూడువేల మంది, నన్ను అడగంది గడప దాటరు. భాయ్, ఇయ్యాల బ్యాంకా, దవాఖానా? దవాఖాన జోలికి పోతే తాట తీస్త అన్న. పోలే. మా ఛత్రినాక బోనాలకు అందరు సెలవు పెట్టిండ్రు. ఆ ఆదివారం దునియా మొత్తంల ఒక్క కంప్యూటర్‌కు ఏం కాలే, కావాల్నంటె..."

"బండొచ్చింది" అన్నాడు కొండల్.

వైకుంఠం మాట మధ్యలోనే ఆపి స్టేషన్ మెట్ల వైపు చూశాడు. జనం దిగారు, ఆటోలు మాట్లాడుకున్నారు, వెళ్లిపోయారు. స్టూల్ దిక్కు ఎవరూ రాలేదు.

"ఎన్క బండికి వస్తరు. ఏడిదాక చెప్పిన? ఆఁ, ఇప్పుడు దొంగలు కూడ పొద్దుగాల లేచి నా రిపోర్టే చదువుతరు బాపూ, నిన్న మనం ఏం దోచినం అని! వాళ్లకు యాదుండదు, నాకుంటది. ఏడు సముద్రాల అవతల ఒక పెద్ద సాబ్ ఉన్నడు, నా కాయితం రాంది పండ్లు తోముకోడు. ఒకపారి జరమొచ్చి నేను పది నిమిషాలు లేటైన. చార్మినార్ గడియారాలు నాలుగు దిక్కుల చూస్తయి గద? నాలుగూ నా దిక్కే తిరిగినయ్! సూర్యుడు మలక్‌పేట దాక వచ్చి, వైకుంఠం ఇంక పేరు పెట్టలే అంటె గాడనే నిలబడ్డడు!"

"గంత మంది చదివితే, చాయ్‌కు ఒక్కడు రాడేంది?" అన్నాడు సోమయ్య.

"భయం బాపూ, నా ముంగట ఎట్ల కూసోవాలె అని భయం. నెలన్నర సంది రోజూ అన్నిటికన్న కింద ఒక లైన్ సొంతంగ రాస్తున్న. ఈడిదాక చదివినోళ్లు పొద్దున ఏడున్నరకు దబీర్‌పురా స్టేషన్ కాడ కొండల్ బండికి రాండ్రి, చాయ్ నేను తాపిస్త అని." వైకుంఠం గొంతు తగ్గింది. "ఎనిమిదేండ్ల కింద ఆరుగురం కూసోని రాసెటోళ్లం గా కాయితం. మస్తు లొల్లి ఉండె. మిషిన్ వచ్చినంక నేనొక్కన్నే మిగిలిన. తలుపేస్తే ఏసీ చప్పుడే. ఇంటికి పోయినా ఒక్కన్నే. బాగుంది అనకున్నా ఫికర్ లేదు బాపూ, చదివిన అని ఒక్కరు అంటె చాలు." అంతలోనే ఛాతీ పొంగించి ఫోన్ అందించాడు. "వస్తరు! ఇదిగో, ఇయ్యాల్టిది నువ్వే చూడు!"

సోమయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇంగ్లీషును వేలితో పట్టుకుంటూ, తెలుగులోకి మార్చుకుంటూ మెల్లగా చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

"'దబీర్‌పురా స్టేషన్ కాడ చాయ్ తాపిస్త అని ఎవడో రోజూ రాస్తుండు. మాయ చేసి పిలిచే మోసం కావచ్చు. ఎవ్వరు పోవద్దు.' ఏంది వైకుంఠం, మిషిన్ నిన్నే దొంగల్ల కలిపింది?"

"ఇయ్యాల ఒక్కదాంట్లనేనా?" అన్నాడు వైకుంఠం.

సోమయ్య నిన్నటిది తెరిచాడు, మొన్నటిది తెరిచాడు, నెల కిందటిదీ తెరిచాడు. అన్నింట్లో అదే ముచ్చట ఉంది. ప్రతిదాని కింద, చూసి పంపినవారు వైకుంఠం అనీ ఉంది.

"ఎవ్వరు చదువుతలేరని గింత బాధ పడుతున్నవు బిడ్డా. నువ్వన్న చదివినవా?"

 వెనక బండి వచ్చింది, పోయింది. ఈసారి వైకుంఠం మెట్ల వైపు చూడలేదు. చల్లారిన చాయ్ పారబోద్దామని కొండల్ చెయ్యి చాచాడు.

"ఉండనీ భాయ్."

వైకుంఠం ఫోన్ తీసుకొని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. పుష్పమ్మ పాలు పోసి వెళ్లిపోయింది. సోమయ్య పేపర్ మడిచి లేచాడు. చివరి లైన్ దాకా, తన లైన్ దాకా చదివి, స్టూల్ మీది సాసర్ తీశాడు.

"చదివినోడు వచ్చిండు భాయ్" అన్నాడు కొండల్‌తో, మీగడ కట్టిన చాయ్ తాగుతూ.