నడిమి బంతి

నాచారంలో ఒక ఇంటి పైగది. సినిమాలకు రంగులు సరిచేసే అమ్మాయి, బంతులు తిప్పి ఆ రంగులు మార్చే ప్యానెల్‌లను ఉప్పల్‌లో బాగుచేసే ఆయనకు ఫోన్ చేసింది.

“అన్నా, ప్యానెల్‌ల నడిమి బంతి పనిజేస్తలేదు. ఎంత తిప్పినా తెర మీద హీరోయిన్ ముఖం ఆకుపచ్చగనే ఉంటున్నది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ల ఏసిన.”

“పక్క బంతులు?”

“అవి మంచిగనే ఉన్నయ్.”

“అయితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, కేబుల్‌ది కాదు. ఫికర్ జేయకు.”

“ఎట్ల జేయకుంట ఉండాలె? నౌకరీ ఇడిసిపెట్టి, ఉన్నదంత పెట్టి ఈ ప్యానెల్ కొన్న. డైరెక్టర్ ఇంకొద్దిసేపట్ల వస్తడు. ఇయ్యాల సూపియ్యకపోతే సినిమా వేరేటోళ్లకు ఇస్తనన్నడు.”

“బంతిని పైకి లేపు, ఊడొస్తది. కింద చిన్న అద్దం ఉంటది. బంతి ఎటు తిరిగిందో సూసేది అదే. దానికి ఏమన్న అంటిందా?”

“ఎర్రగున్నదన్నా.”

“పూజ గిట్ల జేసిన్రా?”

“అమ్మ జేసింది. నడిమి బంతికి కుంకుమ పెట్టింది.”

“పక్కవాటికి పెట్టలేదా?”

“మూడిట్ల నడిమిదే పెద్దదన్నది.”

“ఆ కుంకుమ లోపలికి రాలింది. సన్న బ్రష్షుతోటి దులుపు. నోటితోటి ఊదకు, తడి తగులుతది.”

“దులిపిన. బంతి పెట్టిన.”

“ఇప్పుడు తిప్పు.”

“మారుతున్నదన్నా. ముఖం మనిషి రంగుకు వచ్చింది.”

“ఇగ డైరెక్టర్‌కు సూపియ్యి.”

“సూపిస్తనన్నా. అమ్మకేం జెప్పాలె?”

“ఏం జెప్పకు. రెండో ప్యానెల్ కొన్ననాడు బొట్టు అదొచ్చిన అట్టపెట్టెకు పెట్టమను.”

“రెండోది నేనేడ కొంటనన్నా?”

“కొంటవ్ తియ్. ముందైతే పోయి తలుపు తియ్. బెల్ మోగుతున్నది, ఫోన్ల నాకు గూడ ఇనవడుతున్నది.”