కదలని బాతు

మాదాపూర్ వెనక గల్లీలో నర్సింహ వడ్రంగి షెడ్డు. చేతిలో సంచీతో స్రవంతి గుమ్మంలో నిలబడింది.

"నాది కాదంటున్న గద బిడ్డా. ఇగ ఎన్నిసార్లు చెప్పాలె?"

"జర చేతిలకు తీసుకొని చూడు కాకా. దూరంకెల్లే కాదంటవేంది?"

"చూసేదేముంది? కట్టె బాతు. బజార్ల బోలెడు దొరుకుతయి."

"ఆడ దొరికేటియి నిగనిగ మెరుస్తయి. దీనికి మెరుపే లేదు. అడుగున సీసం బిళ్ళ కొట్టిన్రు, నీళ్ళల్ల పక్కకు ఒరగకుంట. ఇది షోకేసుల పెట్టేది కాదు, అసలు పిట్టలు దిగాలని నీళ్ళల్ల ఎరగ ఇడిసేది."

"నాకేం ఎరుక?"

"నీ వెనక బల్ల మీద ఇంకోటున్నది. నల్ల ముక్కు, కొసకు గిదే పసుపు."

"అది... అది పాతది."

"రంగు తడి ఆరలే కాకా."

"నువ్వు పోలీసోల్ల మనిషివా ఏంది?"

"కాదు. టవర్లల్ల హౌస్‌కీపింగ్ చేస్త. అద్దాల బిల్డింగుల వెనక చెరువున్నది గద, మా నాయిన రాజయ్య అండ్ల చేపలు పడ్తడు. నిన్న పొద్దుగాల ఆయనకు తుపాకి ఛర్రలు తగిలినయి."

"అయ్యో! దవాఖానల ఉన్నడా?"

"ఉన్నడు. ఎడమ కన్ను పోయింది."

"పిట్టల్ని కొట్టెటోల్లెవరో... ఆయనెందుకు పోయిండు ఆ దిక్కు?"

"దీని కోసం."

"దేని కోసం?"

"గీ బాతు కోసం! తక్కినయి ఈదుతున్నయంట, ఇదొక్కటే ఉన్నకాడనే ఉన్నదంట. ఎవరి వలలనో కాలు చిక్కిందనుకున్నడు. విడిపిద్దామని తుంగల దిగిండు. తుంగ కదిలింది. అటు దిక్కు కూసున్నోడు కాల్చిండు."

"మనిషిని కొట్టుమని నేను చేసియ్యలే బిడ్డా..."

"అంటే నువ్వే చేసినవు. ఎవరు కొన్నరు?"

"ఎవరో... కారుల వచ్చిండు. పేరు అడగలే."

"మల్ల రాలేదా?"

"రాలే. ఒక్కనాడే. ముక్కు రంగు మంచిగ లేదు, దిద్దుమని..."

"రంగేసినంక చూసి దిద్దుమన్నడంటే మల్ల వచ్చినట్టే గద!"

"పరేషాన్ చెయ్యకు బిడ్డా. పో. షెడ్డు బందు చెయ్యాలె."

"కొట్లాటకు రాలే నేను. పేరొక్కటి చెప్పు. పెద్దోడా? మల్ల పని ఇయ్యడని భయమా?"

"భయం కాదు."

"మరేంది?"

"చెప్పినా నీకు సమజ్ గాదు."

"అయితే నేను చెప్త, విను. అది కట్టెదని మా నాయినకు ఇంకా ఎరుక లేదు. పట్టీ కట్టిన మొహంతోని తెల్లారంగనే అడిగిండు, బాతు బతికిందా బిడ్డా అని."

"ఏం... ఏం చెప్పినవు?"

"ఎగిరిపోయిందన్న. నవ్విండు. కాకా? ఏడుస్తున్నవా?"

"కారుల ఎవరు రాలే బిడ్డా. నేను అమ్మలే."

"మరి?"

"అడిగిండు. చేసిచ్చిన. ఉలి పట్టెటోన్నని నా పేరు చెప్పుకునుడే సిగ్గు వానికి. గసుంటోడు వచ్చి, నీ చేతిపని నా దోస్తులకు చూపిస్త అన్నడు. ఆ సంబురంల ఎందుకని అడగలే నేను."

"ఎవరు కాకా?"

"నడు బిడ్డా, ఠాణకు. నా కొడుకు ఆఫీసుకెల్లి వచ్చే లోపట్నే పోదాం. వాని మొహం చూసినంక నాకు నోరు రాదు."