ఉరుకు తగ్గిన వేళ్లు

ఆయన్నడిగితే ఏం చెప్తడు డాక్టర్ సార్? నొప్పేం లేదంటడు. ఎక్స్‌రే తీయించుకుని వచ్చేలోపు నేనే చెప్తా, వినండి.

మా ఆయన జయప్రకాశ్ అంటే ఒకప్పుడు ఖమ్మంల కాలేజీ పిల్లలందరికీ తెలుసు. ముదిగొండల వ్యవసాయం ఇంట్ల పుట్టి, హైదరాబాద్ పోయి రాక్ బ్యాండ్‌ల గిటార్ పట్టిండు. ఏం స్పీడనుకున్నరు! వేళ్లు కనపడేవి కావు. జనం లేచి ఎగిరేటోళ్లు. నేనా? పెళ్లైన కొత్తల ముందు వరసల కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు చెవులు దద్దరిల్లేవి, అంతే.

మాకొక బిడ్డ ఉండేది సార్. లిఖిత. ఇంటర్ చదువుతుంటే జ్వరమొచ్చి పోయింది. ఆయన కంట్ల చుక్క రాలే. దినాలైనంక గిటార్ తీసి, మునుపటికన్నా జోరుగా వాయించిండు. చుట్టాలు నా మొహం చూసిన్రు. ఇంత రాయి మనిషా అని నేను కూడా అనుకున్న. ఆ పిల్ల పేరెత్తితే లేచి వేరే గదిలకు పోయేటోడు. ఏండ్లు గట్లనే గడిచినయ్.

ఇప్పుడు అరవై దగ్గరికొచ్చిండు. పొద్దున లేస్తే ఉంగరం వేలు ముడుచుకుపోయి ఉంటది. ఇంకో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటది. ఏందని అడిగితే, అశ్వారావుపేటల మా తోట పని చేసి పట్టేసిందన్నడు.

మొన్న భద్రాచలంల కాలేజీ ఫంక్షన్‌కు పిలిచిన్రు. పాత స్పీడ్ పాటే కావాలన్నరు పిల్లలు. మొదలుపెట్టిండు. నడుమల వేలు పట్టేసింది, ఆగిపోయిండు. వెనకెవరో ఈల వేసి నవ్విన్రు. స్టేజీ దిగి వచ్చేస్తే బాగుండనిపించింది నాకు.

దిగలే సార్. ఆ వేలు పక్కన పెట్టి, మిగిలినవాటితోటి ఒక్క తీగ పట్టిండు. నెమ్మదిగా ఒక స్వరం వాయించి, అది పూర్తిగా సద్దుమణిగేదాకా ఊరుకున్నడు. మళ్ల ఇంకోటి. తీగను పక్కకు లాగితే గొంతు పూడుకుపోయినట్టు వినపడ్డది. నవ్విన పిల్లలు గమ్మునైన్రు.

బిడ్డ కోసం ఏడుస్తుండని నాకు తెలిసిపోయింది. ఇన్నేండ్లకు.

కార్ల వస్తుంటే అడిగిన, లిఖిత గుర్తొచ్చిందా అని. "జోరుగా ఉరికితే ఆ దుఃఖం నన్ను అందుకోదనుకున్న పద్మా" అన్నడు. బండి పక్కకు ఆపి, ఇద్దరం బిడ్డ గురించే మాట్లాడుకున్నం. దాని అలకలు, అది జడ వేసుకునే తీరు, అన్నీ.

తెల్లారి మళ్ల మామూలే. నలుగురిల పరువు పోయిందని గిటార్‌ను కవర్ల పెట్టేసిండు. అన్నం సరిగా తినట్లే. అందుకే మీ దగ్గరికి తీసుకొచ్చిన.

చిన్న ఆపరేషన్ చాలన్నరు మీరు, వేలు మునుపటి లెక్క తిరుగుతదన్నరు. ఆయన మొహం ఎట్ల వెలిగిందో చూసిన్రు కదా. నేను కూడా నవ్విన.

కానీ నా కడుపుల మాట మీకొక్కరికే చెప్తున్న. ఆ వేలు బాగుకావద్దని ఉంది సార్. బాగైతే మళ్ల ఉరుకుతడు. మళ్ల నేనొక్కదాన్నే ఏడ్వాలె.

పెళ్లాం అనాల్సిన మాటేనా ఇది? కాదు, నాకు తెలుసు.

అదిగో, వస్తుండు. ఆపరేషన్ ఏ రోజు పెట్టుకుందమో ఆయన్నే అడగండి.